కిటికీ కింద పసుపు పాదాలు

"సీటు దొరికెనా ఆపా?"

"దొరికెలే. నువ్ ఇంటికి పో సెల్లీ, పొద్దుగూకుతాంది."

నాకూ ఆమెకూ మధ్య నడిచిన ఆఖరి మాటలు ఇవే. ఆమె ఎమ్మిగనూరు పోయే బస్సులో ఉంది. నేను ఆదోని బస్టాండులో కింద నిలబడి ఉన్నాను. మధ్యలో జనం. ఆమె గొంతు వినిపించింది కానీ ముఖం కనిపించలేదు. మర్నాడు పనికి రాలేదు. తెల్లవారి నమాజు చేసుకుని, కూర్చున్నచోటే పక్కకు ఒరిగిపోయిందని కొడుకు కబురు పంపాడు.

సీటు దొరికిందా, దొరికింది. ఇవేం మాటలు, పుస్తకంలో రాసుకోవడానికి అని మీరు అనుకోవచ్చు. ఆ రెండు మాటలు అనుకోగలగడం కోసం ఒక బస్టాండు బస్టాండంతా నడక మార్చుకోవాల్సి వచ్చింది. అది ఎట్లా జరిగిందో తలుచుకుంటే నాకు ఇప్పటికీ కూర్చున్నచోట కాలు నిలవదు. కొత్తగా పనుల్లో చేరే పిల్లలు మీరు. ఇది మీకు చెప్పాలని చాన్నాళ్ళుగా ఉంది.

ముందుగా ఒక మాట. నాకు సంతకం వచ్చు. బస్సు ముందరి ఊరి పేరు కూడబలుక్కోవడం వచ్చు. అంతకు మించి రాదు. నేను నోటితో చెబుతుంటే నా కోడలు రాస్తోంది. నేను 'ఆడ' అంటే తను 'అక్కడ' అని రాస్తోంది. రాసుకోనీ, చదివేవాళ్ళకు అదే బాగుంటుందట. మనుషులు అన్న మాటలు మాత్రం మార్చావంటే ఊరుకోనని చెప్పాను. ఇంకొకటి, ఇందులో ఎవరి పేరూ చెప్పను. ఆపా అంటే ఉర్దూలో అక్క. నాకు ఆమె అక్కే, అది చాలు.

నా భర్త ఆదోని పత్తి యార్డులో హమాలీగా చేసేవాడు. ఆయన పోయాక నేను బస్టాండులో ఊడ్చే పనికి చేరాను. మొదటిరోజు నా చేతికి చీపురు ఇచ్చింది ఆపానే. ఊడ్చడంలో నేర్చుకునేది ఏముందిలే అనుకున్నాను. ఇంట్లో ఊడుస్తుంటే మనుషులు పక్కకు జరుగుతారు. బస్టాండులో జరగరు. కాళ్ళు తీయప్పా, కాళ్ళు తీయమ్మా అని అరిచి అరిచి నా గొంతు పోయింది. ఈ గొంతు ఇప్పటికీ ఇట్లా బొంగురుగా ఉండేది అప్పటి నుంచే. ఆపా చూసి నవ్వింది.

"సెప్తే యాడ తీస్తారు సెల్లీ? కాళ్ళ కాడ రోన్ని నీళ్ళు సల్లు. వాళ్ళే ఎత్తుకుంటారు."

చల్లాను. బెంచీ మీదున్న వాళ్ళందరూ ఒక్కసారిగా కాళ్ళు పైకి ఎత్తుకున్నారు. నేను నోరెత్తకుండా బెంచీ కింద ఊడ్చుకుని పోయాను. పిల్లలూ, ఈ మాట గుర్తు పెట్టుకోండి. మళ్ళీ వస్తుంది.

ఆపా పొట్టి మనిషి. కుడి మోకాలు ఎప్పుడూ వాచి ఉండేది. కొడుకు ఎమ్మిగనూరులో బట్టలు కుట్టే అంగడి పెట్టుకోవడంతో కాపురం అక్కడికి మారింది. పని మాత్రం ఆదోనిలోనే ఉంచుకుంది. పొద్దున ఖాళీ బస్సులో హాయిగా వచ్చేది. సాయంత్రం పోవడమే గండం.

సాయంత్రం ఎమ్మిగనూరు బస్సు ఎక్కడం ఎట్లా ఉండేదో చూసినవాళ్ళకే తెలుసు. బస్సు గేటు దగ్గర మలుపు తిరగగానే జనం దానితోపాటు పరుగెత్తేవాళ్ళు. అది ఇంకా కదులుతుండగానే కిటికీల్లోంచి గుడ్డలు లోపలికి ఎగిరేవి. తువ్వాళ్ళు, తలగుడ్డలు, చేతిరుమాళ్ళు. గుడ్డ లేనివాళ్ళు క్యారియరు వేసేవాళ్ళు, సంచి వేసేవాళ్ళు. ఒకాయన కొత్తిమీర కట్ట వేశాడు. ఒక తల్లి చంటిబిడ్డను కిటికీలోంచి లోపలి వాళ్ళెవరికో అందించి, "ఆ సీటు మాది, బిడ్డ ఉండాడు సూడు" అని కింది నుంచి అరిచింది.

గుడ్డ పడిందంటే ఆ సీటు వాళ్ళదే. దానికి పెద్ద చట్టమే ఉండేది. ఒకే సీటులో రెండు గుడ్డలు పడితే కింద ఉన్న గుడ్డదే సీటు, ఎందుకంటే అది ముందు పడింది కదా. "నా గుడ్డ కిందుంది సూడప్పా" అని ఒకాయన అంటే, "నీది గాలికి కిందికి పోయినాది" అని ఇంకొకాయన. కొట్టుకునేదాకా పోయేవాళ్ళు. కానీ ఎదుటివాడి గుడ్డను తీసి కింద పారేసినవాణ్ణి మాత్రం నేను చూడలేదు.

ఆపాకు కిటికీ అందదు. ఒకరోజు తన చాదరు ఒక కుర్రవాడికి ఇచ్చి వేయమంది. వాడు చక్కగా వేశాడు. తీరా ఎక్కబోతే తలుపు దగ్గర జనం దారి ఇవ్వలేదు. బస్సు కదిలిపోయింది. ఆపా నడుం మీద చేతులు పెట్టుకుని బస్సు వెనక దుమ్ము చూస్తూ నిలబడింది.

"నా సాదరు సీట్లో కూసోని పోయినాది సెల్లీ. నేను ఈడ మిగిలినా."

మర్నాడు కండక్టరు ఆ చాదరు మడత పెట్టి తెచ్చి ఇచ్చాడు. ఎమ్మిగనూరు దాకా జనం ఒకరి కాలి మీద ఒకరు నిలబడి పోయారట. ఆ సీట్లో మాత్రం ఎవరూ కూర్చోలేదట, గుడ్డ ఉంది కదా అని. మేమిద్దరం పడీపడీ నవ్వాం. ఆ నవ్వులోనే తాళంచెవి ఉందని అప్పుడు మాకు తెలియదు.

నేనూ ఒక ఉపాయం చేశాను. బస్సు రాగానే ఊడ్చే నెపంతో చీపురు పట్టుకుని లోపలికి దూరి, ఆపా కోసం ఒక సీటులో చీపురు పెట్టాను. బస్సంతా నా మీద లేచింది. కూర్చునేచోట చీపురు పెడతావా అని. ఆపా కూడా వాళ్ళ పక్షమే మాట్లాడింది.

అట్లా నవ్వుకుంటూ ఉండగానే ఒక సాయంత్రం ఆపా పడింది. ఫుట్‌బోర్డు మీద కాలు పెట్టగానే వెనక నుంచి జనం తోశారు. వాచిన మోకాలే రాతికి తగిలింది. నేను లేపి కూర్చోబెట్టాను. ఏడవలేదు కానీ ముఖం తెల్లబారింది.

మర్నాడు కొడుకు వెంట వచ్చాడు. నెమ్మదస్తుడు. నన్ను అత్తా అని పిలిచేవాడు.

"అత్తా, మా అమ్మ ఇంగ పనికి రాదు" అన్నాడు.

"ఎవురు సెప్పినారు రానని?" అని ఆపా వెనక నుంచి అంది. "ఇంట్లో ఏం సేయాల? నీ మిషను సప్పుడు ఇంటా కూసుండాల్నా?"

తల్లీకొడుకులు ప్లాట్‌ఫారం మీదే చాలాసేపు వాదించుకున్నారు. చివరికి అతను ఒక మాటకు వచ్చాడు. ఎమ్మిగనూరు జాతర దాకా చూస్తాడు. ఆ లోపల ఇంకొక దెబ్బ తగిలినా, జాతర రోజు ఆ గుంపులో నిలబడి వచ్చినా, పని బంద్. "జాతర నాడు కూసోని వస్తే, ఇంగ ఎప్పుడన్నా కూసోని రాగలవని ఒప్పుకుంటా" అన్నాడు.

జాతర రోజు సీటంటే జరిగే పనేనా? కొడుకు తెలివిగానే పందెం కట్టాడు. అతను పోయాక ఆపా చీపురు తీసుకుని గట్టిగా ఊడ్చింది. పనిలేని ఇంట్లో ఆమె ఎన్నాళ్ళు ఉంటుందో నాకు తెలుసు. ఆమె లేని బస్టాండులో నేను ఎట్లా ఉంటానో అదీ తెలుసు.

అంతకు కొన్నాళ్ళ ముందే మా బస్టాండుకు కొత్త కంట్రోలర్ సారు వచ్చాడు. గోదావరి వైపు మనిషి, చిన్న వయసు. మమ్మల్ని కూడా అండీ అని పిలిచేవాడు. ఆపా పడిన రోజు పరుగున వచ్చి నీళ్ళు తెచ్చి ఇచ్చింది ఆయనే. ఆ తొక్కిసలాట చూసి ఆయనకు అన్నం సయించలేదట. ఎట్లాగైనా జనాన్ని వరుసలో నిలబెట్టాలని పట్టు పట్టాడు.

మొదట ఇనుప గొట్టాలతో అడ్డకట్టలు పెట్టించాడు. కుర్రవాళ్ళు వాటి మీదకు ఎక్కారు. ఎత్తు దొరికింది కదా, గుడ్డలు ఇంకా బాగా పడ్డాయి. తర్వాత వరుసలో ఎక్కండి అని పెద్ద బోర్డు పెట్టించాడు. రేగ్గాయలు అమ్మే ఆమె దాని నీడలో బుట్ట పెట్టుకుంది, బేరం బాగా సాగింది. తర్వాత మైకు పట్టుకున్నాడు. దయచేసి తోసుకోకండి అని ఆయన అంటుంటే, ఆ యాస వినడానికి జనం ఆగి, ఇంకోసారి చెప్పు సారూ అని అడిగేవాళ్ళు. బస్సు రాగానే మళ్ళీ పరుగే.

అప్పుడు ఆయనకు పాదాల ఆలోచన వచ్చింది. ఎక్కడో పెద్ద ఊళ్ళో చూశాడట. నేల మీద పాదాల గుర్తులు వేస్తే మనిషి తనంతట తానే వాటి మీద నిలబడతాడట, ఒకరి వెనక ఒకరు వరుస కడతారట. ప్లాట్‌ఫారం అంచుకు వేయగా మిగిలిన పసుపు రంగు ఉంది. బోర్డులు రాసే పెయింటర్ను పిలిచాడు. ఆ పెయింటర్ గుళ్ళకు కూడా రంగులు వేసే మనిషి. తన భార్య పాదం కొలత పెట్టి అట్ట కోసుకొచ్చాడు. చిన్న చిన్న ఆడపాదాలు, ఐదేసి వేళ్ళతో ముద్దుగా, తలుపు నుంచి వెనక్కి వరుసగా వేసిపెట్టాడు.

పొద్దున మేం ఊడ్చడానికి వచ్చి చూశాం. నేల మీద పసుపు పాదాలు. నా చేతిలో చీపురు ఆగిపోయింది.

"ఊడ్చవేం?" అంది ఆపా.

"ఎట్ల ఊడ్సేది ఆపా? అమ్మోరి పాదాల మాదిరుండాయి. సీపురు తగలనిస్తామా?"

ఆమె వంగి చూసింది. "ఎవురివైతేనేం. నేను గూడా తొక్కను" అని చెప్పులు చేతిలో పట్టుకుని పక్క నుంచి నడిచిపోయింది.

మేమే అట్లా చేస్తే జనం సంగతి చెప్పాలా? మధ్యాహ్నానికి ఒక పాదం మీద బంతిపువ్వు ఉంది. ఇంకో పాదానికి కుంకుమ బొట్టు. ఎవరో నీళ్ళు చల్లి ముగ్గు వేయబోయారు. ప్రార్థనకు పోయివస్తున్న ఒకమ్మ, తనకు ఇట్లాంటివి లేవంటూనే, చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని చుట్టూ తిరిగి పోయింది. కంట్రోలర్ సారు పరుగెత్తుకొచ్చి, ఇవి నిలబడడానికండీ, దండం పెట్టడానికి కాదండీ అని మొత్తుకున్నాడు. కైరుప్పల వైపు నుంచి వచ్చిన ఒక ముసలాయన ఆయనను పైనుంచి కిందికి చూశాడు.

"మొక్కమంటే మొక్కుతా సారూ. తొక్కమంటే తొక్కను."

సాయంత్రం ఎప్పటిలాగే తొక్కిసలాట. సారు మా పక్కనే టీ బండి దగ్గర కూర్చుండిపోయాడు. ఊరంతా తనను చూసి నవ్వుతోందని, బదిలీ అడుక్కుని పోతానని అన్నాడు. ఆపా మోకాలు రుద్దుకుంటూ వింటోంది. నేను ఏదో ఓదార్పు చెప్పబోయాను. అంతలో ఆయన గ్లాసు పట్టుకున్న చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

"అక్కడ చూడండి" అన్నాడు.

చూశాం. ప్లాట్‌ఫారం నిండా జనం. కాలు పెట్టడానికి సందు లేదు. కానీ ఆ పసుపు పాదాల వరుస మీద ఒక్క మనిషి లేడు. ఏటి మధ్య ఇసుక మేటలాగా ఆ జాగా ఖాళీగా ఉంది. బస్సు వచ్చినా, గుడ్డలు ఎగిరినా, కొట్టుకున్నా, పాదాల మీద మాత్రం ఎవరూ కాలు పెట్టడం లేదు.

"నేను నిలబడమన్నచోట నిలబడలేదు. నిలబడకూడని చోట వేసి ఉంటే?" అన్నాడు సారు, తనలో తను అనుకున్నట్టు.

ఆపా చటుక్కున నా చెయ్యి పట్టుకుంది. "కాళ్ళ కాడ నీళ్ళు సల్లినట్ల సెల్లీ" అంది.

కిటికీల కింద. అంతే కదా. బస్సు ఆగినప్పుడు కిటికీలు ఎక్కడికి వస్తాయో ఆ నేలంతా పాదాలు వేస్తే, కిటికీ దగ్గరికి ఎవరూ రారు. ముగ్గురికీ ఒకేసారి తోచింది. ఎవరు ముందు అన్నారో నాకిప్పుడు గుర్తు లేదు. సారు టీ అంతా చొక్కా మీద పోసుకున్నాడు.

కానీ ఆపా అక్కడితో వదల్లేదు. "గుంపును కిటికీ కాడ్నుంచి తీస్తివి సరే. గుడ్డ యాడికి పోవాల సారూ? వాళ్ళ సేతుల్లో గుడ్డ ఉంటాది గదా. దానికి ఓ సోటు సూపియ్యి" అంది. నేను చాదరు కథ చెప్పాను. మనుషులు లేకుండా ఒక చాదరు ఒంటరిగా సీటులో కూర్చుని ఎమ్మిగనూరు దాకా పోయిన కథ. సారు కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వాడు. నవ్వి, అట్లాగే ఆగిపోయాడు. గుడ్డకు ఇచ్చే మర్యాద బస్సులోనే ఎందుకు ఇవ్వాలి, నేల మీద ఇవ్వరా అన్నాడు.

పెయింటర్ మళ్ళీ వచ్చాడు. పాత పాదాలు చెరిపి, కిటికీలు వచ్చే చోట కొత్తవి వేశాడు. తలుపు వచ్చే చోటి నుంచి వెనక్కి, నీడలో ఉన్న బెంచీల దాకా, గడులు గీశాడు. ఒక్కో గడిలో ఒక గుడ్డో సంచో పట్టేంత చోటు. ముందు గడిలో గుడ్డ ఉన్నవాళ్ళు ముందు ఎక్కుతారు. గుడ్డను అక్కడ పెట్టి, మనిషి పోయి బెంచీ మీద కూర్చోవచ్చు.

ఇక్కడ ఇంకో పొరపాటు జరిగింది. గడులకు అంకెలు వేశాం. మొదటి రోజే ఒకాయన పన్నెండో గడిలో తువ్వాలు పెట్టి, బస్సు ఎక్కి, పన్నెండో సీటు నాది, లే అని కూర్చున్నాయన మీద పడ్డాడు. పిల్లలేమో తొక్కుడుబిళ్ళ ఆడుకున్నారు. అంకెలు చెరిపించి, వాటి బదులు ప్రతి గడిలో మడిచిన తువ్వాలు బొమ్మ వేయించాం. ఆ బొమ్మ చూసి నాలాంటి చదువురానివాళ్ళు కూడా ఎవరినీ అడగలేదు.

అసలు చిక్కు డ్రైవరుతో వచ్చింది. బస్సు ఆగాల్సిన చోట ఒక తెల్లగీత గీయించాం. సరిగ్గా దాని మీద ఆగితేనే కిటికీల కిందికి పాదాలు వస్తాయి. ఆ బస్సు నడిపే ఆయన పాతకాలం మనిషి, మీసాలు పెద్దవి. ఊడ్చే ఆడవాళ్ళూ, నిన్న వచ్చిన పిల్లోడూ కలిసి నాకు బస్సు నిలిపేది నేర్పిస్తారా అన్నాడట. గీత మీద ఆపిన రోజు అంతా సాఫీగా జరిగేది. ఆపని రోజు పాత భాగోతమే. ఆపా ఆ రోజుల్లో కొన్నిసార్లు కూర్చుని పోయింది, కొన్నిసార్లు నిలబడి పోయింది. ఇంట్లో ఏం చెప్పుకుందో అడగలేదు. జాతర దగ్గర పడుతోంది.

పాదాల గురించి కూడా కథలు పుట్టాయి. తొక్కితే కాళ్ళు పడిపోతాయని, ఒకడికి పడిపోయాయని. సారు బాధపడ్డాడు. ఇది మోసం కదండీ, మైకులో చెప్పేస్తాను, అది మామూలు రంగేనని, అన్నాడు. ఆపా చీపురు గోడకు ఆనించింది.

"సెప్పుకో సారూ. ఇంటారేమో సూస్తాం" అంది.

ఆయన నిజంగానే చెప్పాడు. రంగేనండీ, పెయింటర్ భార్య పాదమండీ అని. జనం సరేలే అన్నారు. అయినా తొక్కలేదు. పెయింటర్ భార్య మాత్రం ఎప్పుడైనా బస్టాండుకు వస్తే సిగ్గుపడి చీర అంచుతో పాదాలు దాచుకునేది.

జాతర రోజు వచ్చింది. పొద్దున నుంచే ఊళ్ళకు ఊళ్ళు దిగాయి. కోసిగి వైపు నుంచి, ఆస్పరి వైపు నుంచి, కన్నడం మాట్లాడేవాళ్ళు, చంకన బిడ్డలు, తల మీద మూటలు. చాలామందికి మా గడుల సంగతి తెలియదు. ఆపా పని ముగించుకుని, చేతులు కడుక్కుని, ఉతికిన చాదరు తీసి మొదటి గడిలో పరిచింది. ఎట్లా పరిచిందనుకున్నారు, పెళ్ళికి జంపఖానా వేసినట్టు. పోయి బెంచీ మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది. అది చూసి ఒక రైతు తలగుడ్డ విప్పి రెండో గడిలో పెట్టాడు. తర్వాత సంచి, తర్వాత తువ్వాలు. కొత్తవాళ్ళు ఇదేందని అడిగితే, పాతవాళ్ళు తామే కనిపెట్టినంత గొప్పగా చెప్పారు. గడులు అయిపోయాక జనం గడులు లేని నేల మీద కూడా వరుసగా గుడ్డలు పెట్టుకుంటూ పోయారు. రంగురంగుల గుడ్డల వరుస ప్లాట్‌ఫారం ఆ చివరి దాకా. సారు గదిలోంచి బయటికీ, బయటి నుంచి గదిలోకీ తిరుగుతున్నాడు. నేను ఊడ్చిన చోటే మళ్ళీ ఊడుస్తున్నాను.

బస్సు వచ్చింది. గేటు మలుపు తిరిగింది. తెల్లగీత దగ్గరికి వచ్చి, దాటి, ఇంకా దాటి, బస్సంత దూరం ముందుకు పోయి ఆగింది. కిటికీల కింద ఒక్క పాదం లేదు. తలుపు ఎక్కడో ఉంది, గుడ్డలు ఎక్కడో ఉన్నాయి.

జనం ఒక్కసారి అటు ఊగారు. వెనక ఉన్నవాళ్ళు కొందరు పరుగు తీశారు. ఒక కుర్రవాడు తువ్వాలు సగం కిటికీలోకి వేశాడు కూడా. ఆపా బెంచీ మీద నుంచి లేచింది కానీ అడుగు వేయలేదు. ఆ మోకాలితో ఎక్కడికి పరుగెత్తుతుంది? ఇంక అయిపోయింది అనుకున్నాను.

రెండో గడి రైతు తన గుడ్డ పక్క నుంచి కదల్లేదు. అట్లాగే నిలబడి, పొలంలో ఎద్దులను అదిలించే గొంతుతో అరిచాడు.

"డ్రైవరప్పా, నా గుడ్డ ఈడుంటే నేను ఆడికి యాల రావాల? బస్సు ఎనక్కి తే. పాదాల కాడికి తే."

ఎవరో నవ్వారు. ఇంకెవరో అందుకున్నారు. ఎనక్కి తే, ఎనక్కి తే అని వరుస వరుసంతా మొదలుపెట్టింది. ఎవరి గుడ్డ పక్కన వాళ్ళు నిలబడి, కదలకుండా అరుస్తున్నారు. పరుగెత్తినవాళ్ళు వెనక్కి తిరిగి చూస్తే వాళ్ళు తప్ప ఎవరూ రాలేదు. కిటికీలోకి తువ్వాలు వేసిన కుర్రవాణ్ణి వరుసలోంచి ఒకామె, "ఒరే, మన సంచి ఈడుంది గదరా, నన్ను ఇడిసిపెట్టి యాడికి పోతావు" అని తిట్టింది. వాళ్ళమ్మే. వాడు తువ్వాలు కిందికి లాక్కుని, తల వంచుకుని వచ్చి సంచి పక్కన నిలబడ్డాడు.

డ్రైవరు అద్దంలోంచి ఇదంతా చూశాడు. చాలాసేపు చూశాడనిపించింది నాకు. తర్వాత గేరు చప్పుడైంది. సారు బస్సు వెనక్కి పరుగెత్తి ఈల నోట్లో పెట్టుకున్నాడు. బస్సు అంగుళం అంగుళం వెనక్కి జరుగుతూ, జరుగుతూ, సరిగ్గా తెల్లగీత మీద ఆగింది. తలుపు మొదటి గడి ముందుకు వచ్చింది. డ్రైవరు కిటికీలోంచి మీసాల ముఖం బయట పెట్టి, "సాల్నా?" అన్నాడు. జనం ఓహో అని అరిచారు.

ఆపా వచ్చింది. వంగి చాదరు తీసుకుంది, దులిపి భుజాన వేసుకుంది. ఒక చేత్తో ఇనుప కమ్మీ పట్టుకుని, మంచి కాలు ముందు పెట్టి, నొప్పి కాలు దాని పక్కకు చేర్చి, ఒక్కో మెట్టూ ఎక్కింది. వెనక అంత పెద్ద వరుస. అంత జాతర జనం. ఒక్కరూ తోయలేదు. ఆమె ఎక్కేదాకా రైతు తలగుడ్డ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. పిల్లలూ, నేను పెళ్ళిళ్ళు చూశాను, తేర్లు చూశాను. ఒక మనిషిని తోయకుండా జనం నిలబడడం అంత అందంగా ఉంటుందని నాకు అంతకుముందు తెలియదు.

నేను పరుగున కిటికీ వైపుకు పోయాను. నేనూ పాదాలు తొక్కలేను కదా, వాటి ఇవతలే ఆగిపోయి గట్టిగా అడిగాను.

"సీటు దొరికెనా ఆపా?"

"దొరికెలే. నువ్ ఇంటికి పో" అంది, కిటికీ పక్కన కూర్చుని, మహారాణిలాగా.

ఆ మాట మొదటిసారి అనుకున్నది ఆ రోజే. ఎమ్మిగనూరు బస్టాండులో కొడుకు కాచుకుని ఉన్నాడట. తల్లి సీటులోంచి లేచి రావడం తన కళ్ళతో చూసి, సీటు ఎవరు పట్టి ఇచ్చారని అడిగాడట. నా సాదరు పట్టింది అని చెప్పిందట. మర్నాడు పనికి వచ్చి నాకు చెప్పింది. ఆ తర్వాత ఏళ్ళ తరబడి ప్రతి సాయంత్రం నేను అడగడం, ఆమె చెప్పడం. అడగకపోతే ఆమెకు కోపం.

సారు బదిలీ మీద పోయాడు. పోతూ మా ఇద్దరికీ కొత్త చీపుర్లు కొనిచ్చాడు, ఆయనకు ఇంకేం తోచలేదట. నేను నా పనితనం అని చెప్పుకునేది ఏమీ లేదు ఇందులో. ముగ్గురం కలిసి తప్పు మీద తప్పు చేశాం. జనం చేసుకున్న అలవాటు జనం దగ్గరే ఉంది. మేం దాన్ని కిటికీలోంచి దింపి నేల మీద పెట్టాం, అంతే. మీరు రేపు ఏ ఆఫీసులో కూర్చున్నా, ఏ రోడ్డు వేసినా, మనుషుల మీద అరిచే ముందు వాళ్ళు దేనిని తొక్కరో, దేనికి మర్యాద ఇస్తారో కాసేపు నిలబడి చూడండి.

ఇప్పుడు ఆ ఆఖరి రోజు సంగతి. ఆ వారంలో ప్లాట్‌ఫారంకు కొత్త రాళ్ళు పరచడానికి నేలంతా తవ్వేశారు. గడులు లేవు, పాదాలు లేవు, తెల్లగీత లేదు. ఉత్త కంకర. పైగా ఇప్పుడు ఆడవాళ్ళకు బస్సులో టికెట్ లేదు, జనం అంతకంతకు పెరిగారు. ఈ పొద్దు నిలబడుకునే పోవాల్నేమో సెల్లీ అని ఆపా పొద్దుననే అంది. సాయంత్రం నేను అవతలి వైపు దుమ్ము ఎత్తుతూ ఉండిపోయాను. పరుగున వచ్చేసరికి బస్సు కదలబోతోంది. మనుషుల మధ్య నుంచి కేక వేశాను. దొరికెలే అంది. నన్ను ఇంటికి పంపడానికి అబద్ధం చెప్పిందనుకున్నాను. ఆమె పోయిందని తెలిసినప్పుడు నన్ను తినేసింది అదే. ఆఖరి రోజు ఆ మోకాలితో నిలబడి పోయిందా అని.

ఎమ్మిగనూరు పోయి ఆమెను చూసి వచ్చిన మర్నాడు, రేగ్గాయల ఆమె నా దగ్గరికి వచ్చింది. ఏడ్వొద్దక్కా అని పక్కన కూర్చుని చెప్పింది. ఆ సాయంత్రం ఆ కంకర మీద, గీతలేమీ లేకపోయినా, జనం ఎప్పటిచోటే వరుసగా గుడ్డలు పెట్టుకున్నారట. కొత్త డ్రైవరే, కానీ బస్సు ఎప్పటిచోటే ఆపాడట. కిటికీల కింద పాదాలు లేకపోయినా అటువైపు ఎవరూ పోలేదట.

"ముందర ఎవురి గుడ్డ ఉండె?" అని అడిగాను.

"ఇంగెవురిది? ఆపా సాదరే" అంది.

పాపా, రాసింది చాలు. కలం పెట్టి నీళ్ళు తాగు. తాగి, ఇది మొదటి నుంచి నాకు చదివి వినిపించు. నిదానంగా చదువు. ఆపా చెప్పే మాట దగ్గర తొందరపడొద్దు. ఆమె కూర్చుని చెబుతోంది.